విరాళాల పేజీ సిద్ధమైంది, లింకు ఏ దారిలో పంపాలి?

చిన్న ట్రస్టులు నడిపేవాళ్లు ఆన్‌లైన్ విరాళాల పేజీ పెట్టించుకోగానే అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఫేస్‌బుక్‌లో యాడ్ ఇద్దామా?" నేనైతే ముందు ఒక నోట్‌బుక్ తీసి, మీ ట్రస్టు పేరు చెప్పగానే "ఆ, తెలుసు" అనేవాళ్ల పేర్లన్నీ రాయమంటాను. ఆ జాబితా 100 దాటకపోతే ఒక దారి, 1,000 దాటితే ఇంకో దారి, అందులో సగంమంది డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే మరో దారి. ఈ తేడా చూసుకోకుండా పక్క సంస్థ చేసిందే మనమూ చేస్తే డబ్బూ పోతుంది, ఓపికా పోతుంది.

నేను మాట్లాడుతున్నది పెద్ద సంస్థల గురించి కాదు. మండల కేంద్రంలో జడ్పీ హైస్కూల్ పిల్లలకు సాయంత్రం ట్యూషన్ నడిపేవాళ్లు, ఇంటర్ చదివే అమ్మాయిలకు హాస్టల్ ఫీజు కట్టేవాళ్లు, ఊరి లైబ్రరీని నిలబెట్టేవాళ్లు. ఏడాదికి ఐదారు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా అవసరం ఉంటుంది. రిటైరైన మాస్టార్లు, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కలిసి పని చేస్తుంటారు. ప్రచారానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకునే స్తోమత ఉండదు. అలాంటివాళ్లకు ఏ దారి నప్పుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

లింకు పంపే ముందు

ఏ దారిలో పంపినా లింకు తెరుచుకునేది ఫోన్‌లోనే. మీ ట్రస్టుతో సంబంధం లేని ఒకరి చేత 100 రూపాయలు పంపించి, పక్కన నిలబడి చూడండి. మీరేమీ చెప్పకండి. పేజీ తెరుచుకుంటుంది, మొత్తం ఎంచుకుంటారు, ఫోన్‌పేనో గూగుల్ పేనో వస్తుంది. అక్కడ డబ్బు అందుకునేవారి పేరు కనిపిస్తుంది. ట్రస్టు పేరు ఉండాల్సిన చోట కోశాధికారి సొంత పేరు కనిపిస్తే దాత వేలు ఆగిపోతుంది. ఆగాలి కూడా. ట్రస్టు బ్యాంకు ఖాతా పేరు మీదే యూపీఐ, క్యూఆర్ కోడ్ తీసుకోనంతవరకు ప్రచారం మొదలుపెట్టకండి.

రెండోది 80జీ, అంటే విరాళం ఇచ్చిన దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే సెక్షన్. నగదుగా ఇస్తే 2,000 రూపాయలు దాటిన విరాళానికి పన్ను మినహాయింపు రాదు, ఆన్‌లైన్‌లో ఇస్తే ఆ అడ్డు లేదు. ఇది దాతకు చెప్పదగ్గ మాటే. కానీ ఆ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. జీతగాళ్లలో చాలామంది ఇప్పుడు కొత్త విధానంలోకి మారిపోయారు. అందుకని "పన్ను ఆదా చేసుకోండి" అన్నదాన్ని ప్రచారానికి హెడ్డింగ్ చేయకండి, కింద ఒక వాక్యంగా ఉంచండి చాలు. పాన్ నంబరు అడిగే గడి మాత్రం పేజీలో తప్పకుండా ఉండాలి. ఇన్నాళ్లూ 10బీడీ అని పిలుస్తున్న, దాతల వివరాలుండే స్టేట్‌మెంట్‌ను ట్రస్టు మే 31 లోపు దాఖలు చేస్తేనే దాతకు మినహాయింపు కోసం కావాల్సిన 10బీఈ సర్టిఫికెట్ వస్తూ వచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి, పేజీ మీదా రసీదు మీదా ఏది వేయాలో మీ ఆడిటర్‌ని అడిగి వేయండి.

వాట్సాప్: ఒక్కొక్కరికా, గ్రూపులోనా?

మన ఊళ్లలో చిన్న ట్రస్టుకు అన్నిటికంటే ముందు వాట్సాప్. ఈ విషయంలో నాకు అనుమానం లేదు. అయితే వాట్సాప్ అంటే ఒకే దారి అనుకోవద్దు. అందులోనే నాలుగున్నాయి, నాలుగూ నాలుగు రకాలుగా పనిచేస్తాయి.

టెన్త్ బ్యాచ్ గ్రూపునే తీసుకుందాం. లింకు వేస్తారు. ఇద్దరు దండం బొమ్మ పెడతారు, ఒకరు "గ్రేట్ వర్క్" అంటారు. అరగంటలో పెళ్లి శుభలేఖ, క్రికెట్ స్కోరు, ఎవరిదో పుట్టినరోజు వచ్చి లింకు ఎక్కడికో పైకి పోతుంది. పైగా గ్రూపులో అడిగింది ఎవరినీ అడిగినట్టు ఉండదు, ఎవరో ఒకరు ఇస్తారులే అని అందరూ అనుకుంటారు. గ్రూపు వల్ల లాభం వేరే చోట ఉంది. ముందు పదిమందిని విడిగా అడిగి, వాళ్లు ఇచ్చాక, వాళ్ల ఒప్పుకోలుతో పేర్లు గ్రూపులో పెట్టండి. అప్పుడు లింకుకు బలం వస్తుంది. "లెక్కలు చూపించండి" అని ఎవరైనా అడిగితే నొచ్చుకోకుండా, కిందటి ఏడాది ఆడిట్ రిపోర్టు అదే నిమిషంలో పెట్టేయండి. ఆ ఒక్క పని పది పోస్టర్ల పెట్టు.

ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చవచ్చు. కానీ మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. చాలామందికి ఈ సంగతి తెలియక, 200 మందికి పంపాం, ఒక్కరూ పలకలేదని బాధపడతారు. చానెల్ అయితే ఇప్పటికే ఇచ్చినవాళ్లకు వార్తలు చెప్పడానికి బాగుంటుంది, కొత్తవాళ్లను అడగడానికి పనికిరాదు.

మిగిలింది ఒక్కొక్కరికి విడిగా రాయడం. నెమ్మదైన పనే, సాయంత్రానికి పది మెసేజ్‌లు రాస్తే గొప్ప. అయినా నా ఓటు దానికే. ఒక మాస్టారు తన పాత విద్యార్థికి రాస్తే ఇలా ఉండవచ్చు:

"బాబూ, బాగున్నావా? నేను మీ లెక్కల మాస్టారిని. మన స్కూల్లో ఈసారి టెన్త్‌లో 38 మంది ఉన్నారు. రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ట్యూషన్ చెప్పిస్తున్నాం. ఫిబ్రవరి, మార్చి నెలలకు ఇద్దరు టీచర్ల గౌరవ వేతనం, పిల్లల టిఫిన్ కలిపి 46,000 అవుతుంది. ఇప్పటికి 19,000 వచ్చింది. ఒక్కొక్కరికి రెండు నెలలకు దాదాపు 1,200. నీకు వీలైతే ఒకరి ఖర్చు ఈ లింకులో పంపు. వీలు కాకపోతే ఏమీ అనుకోను. పరీక్షల ముందు ఒక ఆదివారం వచ్చి పిల్లలతో కాసేపు మాట్లాడు, అదే పదివేలు."

ఇందులో ఎంత కావాలో, ఎంత వచ్చిందో, నువ్వెంత ఇస్తే ఏమవుతుందో మూడూ ఉన్నాయి. కాదనడానికి దారి కూడా ఉంది. అడిగేవాడు ఎవరో తెలుసు. "సమాజ సేవలో మీరూ భాగస్వాములు కండి" అన్న పోస్టర్‌లో వీటిలో ఒక్కటీ ఉండదు. పెద్దవాళ్లకు రాసేటప్పుడు "అండీ", "మీరు" పెట్టి మర్యాదగా మార్చుకోండి, లెక్క మాత్రం తీసేయకండి.

తేదీ ఉన్న విరాళం

మనవాళ్లు తేదీ చూసుకుని ఇస్తారు. నాన్నగారి వర్ధంతికి వృద్ధాశ్రమంలో భోజనం, పాప పుట్టినరోజుకు స్కూల్లో నోట్‌బుక్కులు, పెళ్లిరోజుకు గుడిలో అన్నదానం. తిరుమలలో ఒకరోజు అన్నప్రసాదం ఖర్చు ఇచ్చిన దాత పేరు ఆ రోజు వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కనిపిస్తుంది. చిన్న ట్రస్టు తన స్థాయిలో ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు. పేజీలో మొత్తం పక్కనే "ఏ తేదీన, ఎవరి పేరున" అని రెండు గడులు చేర్చండి. ఆ రోజు ట్యూషన్ బోర్డు మీద పేరు రాసి, ఫొటో తీసి పంపండి.

సాధారణ విజ్ఞప్తితో పోలిస్తే దీనివల్ల పెద్ద లాభం ఏమిటంటే, ఇది ఏటా వస్తుంది. ఒక రిజిస్టర్ పెట్టి, తేదీకి పది రోజుల ముందు ఫోన్ చేస్తే చాలు. "వచ్చే గురువారం అమ్మగారి వర్ధంతి కదండీ, పోయినేడు పిల్లలకు టిఫిన్ పెట్టించారు, ఈసారి కూడా పెట్టిద్దామా?" ఈ మాటకు విసుక్కున్నవాళ్లను నేను చూడలేదు. మీ ట్రస్టు ఒకే ఒక్క ప్రచార పద్ధతి పెట్టుకోగలిగితే దీన్నే పెట్టుకోమంటాను.

ఫొటోల విషయంలో ఒక హెచ్చరిక. అనాథ పిల్లలు, సంరక్షణ అవసరమైన పిల్లలు ఉండే హోమ్ అయితే వాళ్ల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం నేరం. మామూలు ట్యూషన్ సెంటర్‌లో కూడా పిల్లల మొహాలు కనిపించకుండా, వెనకనుంచో, బోర్డు, పుస్తకాలు కనిపించేలాగో తీయండి. కేకు కోసే దాత ముందు వరుసగా నిలబెట్టిన పిల్లల ఫొటోలు నాకు ఎప్పుడూ మనసుకు కష్టంగానే ఉంటాయి. ఆ పిల్లలే రేపు పెద్దయ్యాక ఆ ఫొటో చూసుకుంటారు.

నెలనెలా ఇచ్చేవాళ్ల కోసం యూపీఐ ఆటోపే ఉంది. 15,000 రూపాయల లోపు మొత్తాలకు ప్రతి నెలా పిన్ కొట్టక్కర్లేదు, డబ్బు కట్ అయ్యే ముందు దాతకు మెసేజ్ వెళుతుంది. నెలకు 300 ఇచ్చేవాళ్లు 40 మంది ఉంటే ఒక టీచర్ గౌరవ వేతనం గురించి టెన్షన్ ఉండదు. అయితే కొత్తవాళ్లను మొదటిసారే ఆటోపే అడగకండి. ఒకసారి ఇచ్చి, రసీదు అందుకుని, నమ్మకం కుదిరాక అడగండి.

సొంత పేజీయా, మిలాప్, కెట్టో లాంటి వేదికా?

మిలాప్, కెట్టో, ఇంపాక్ట్‌గురు లాంటి ఆన్‌లైన్ విరాళాల వేదికల్లో పేజీ పెడితే పేమెంట్ ఏర్పాట్లన్నీ వాళ్లే చూసుకుంటారు, వాళ్ల పేరు విన్నవాళ్లకు కొంత ధైర్యంగా ఉంటుంది. ఒకే అవసరం, గడువు ఉన్న అవసరం అయితే అవి బాగా పనిచేస్తాయి. గాలివానకు లైబ్రరీ రేకులు ఎగిరిపోయాయి, ఒక అమ్మాయికి ఇంజినీరింగ్ ఫీజు పదిహేను రోజుల్లో కట్టాలి, ఇలాంటివి. ఏడాది పొడవునా నడిచే పనికి మాత్రం సొంత పేజీయే నయం. దాత పేరు, ఫోన్, తేదీ మీ రిజిస్టర్‌లోకి నేరుగా వస్తాయి. వేదికల ఫీజులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కొన్నిచోట్ల విరాళం మీద టిప్ కూడా అడుగుతారు, ఆ గడిని దాత గమనించకపోతే తర్వాత ఆ కోపం మీ మీదకు వస్తుంది. పెట్టే ముందు మీరే దాతలా చివరిదాకా వెళ్లి చూడండి.

సొంత పేజీలో బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐకి ఖర్చు నామమాత్రం. కార్డులైతే పేమెంట్ గేట్‌వే వాళ్లు, అంటే ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే కంపెనీ, 2 శాతం చుట్టుపక్కల తీసుకుని దానిపై జీఎస్‌టీ వేస్తారు. కాబట్టి పేజీలో యూపీఐని పైన పెట్టండి. రెండు లింకులూ ఒకేసారి తిప్పడం మాత్రం వద్దు, ఏది అసలుదో తెలియక జనం రెండిటినీ వదిలేస్తారు.

యాడ్స్ ఎవరికి?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్ మీ పేరే వినని మనిషికి మిమ్మల్ని చూపిస్తుంది. ముక్కూ మొహం తెలియని ట్రస్టుకు మొదటి చూపులోనే డబ్బు ఇచ్చేవాళ్లు బహు తక్కువ. జాబితాలో 100 మంది కూడా లేని ట్రస్టు దీనితో మొదలుపెట్టడం నా ఉద్దేశంలో తప్పు. యాడ్ ఇచ్చి తీరాలనుకుంటే మీ పేజీని ఇప్పటికే చూసినవాళ్లకు, మీ మండలం చుట్టుపక్కలవాళ్లకు మాత్రమే కనిపించేలా రెండు మూడు వేలతో ఒకసారి పరీక్షించండి. పెట్టినంత కూడా రాకపోతే ఆపేయండి. అది కూడా ఒక దాత ఇచ్చిన డబ్బే కదా. మామూలు పోస్టులు, రీల్స్ వేరే సంగతి. వాటికి డబ్బు పెట్టనక్కర్లేదు, అవి మిమ్మల్ని గుర్తుచేస్తూ ఉంటాయి.

గూగుల్ యాడ్ గ్రాంట్స్ గురించి చాలా సంస్థలకు తెలియదు. అర్హత ఉన్న సంస్థలకు గూగుల్ నెలకు 10,000 డాలర్ల విలువైన సెర్చ్ యాడ్స్ ఉచితంగా ఇస్తుంది. చేతికి డబ్బు రాదు, సెర్చ్ ఫలితాల్లో అక్షరాల ప్రకటనలు వస్తాయి. సొంత వెబ్‌సైట్ ఉండాలి, గూగుల్ ఫర్ నాన్‌ప్రాఫిట్స్‌లో ధ్రువీకరణ కావాలి, చూసినవాళ్లలో నెలకు కనీసం 5 శాతం మంది క్లిక్ చేసేలా ఖాతా నడపాలి. "పాత పుస్తకాలు ఎవరికి ఇవ్వాలి" అని వెతికేవాళ్లు లైబ్రరీ ట్రస్టుకు ఇలా దొరుకుతారు. వారానికోసారి కూర్చుని ఖాతా చూసే కుర్రాడు ఉంటే పెట్టుకోండి. లేకపోతే కొన్నాళ్లకే మూతపడుతుంది.

ఎస్ఎంఎస్ జోలికి పోవద్దు. డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో సంస్థను, మెసేజ్ నమూనాను, అందులోని లింకును కూడా ముందే నమోదు చేయాలి. చిన్నవాళ్లకు ఆ తంతు గిట్టుబాటు కాదు. ఈమెయిల్ విదేశాల్లో ఉన్నవాళ్లకు, కంపెనీల్లో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లకు, ఏడాది నివేదిక పంపడానికి బాగుంటుంది.

సంక్రాంతి, స్కూలు గోడ, క్యూఆర్ కోడ్

సంక్రాంతి మూడు రోజులూ హైదరాబాద్, బెంగళూరు నుంచి ఊరివాళ్లంతా వస్తారు. స్కూలు మైదానంలో ఆటలు, పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం ఉంటాయి. ఏడాది మొత్తంలో మీ దాతలు ఒకేచోట కనిపించేది అప్పుడే. గేటు దగ్గర ఫ్లెక్సీ కడితే చూసుకుంటూ వెళ్లిపోతారు. క్యూఆర్ ఉన్న చిన్న కార్డులు అచ్చు వేయించి, తరగతి గది చూపిస్తూ చేతికివ్వండి. విరిగిన బెంచీ పక్కన నిలబడి అడిగినప్పుడు ఎక్కువ చెప్పాల్సిన పని ఉండదు.

ఆ క్యూఆర్ నేరుగా యూపీఐకి వెళ్లాలా, పేజీకి వెళ్లాలా అన్నది చాలామంది పట్టించుకోని సంగతి. నేరుగా యూపీఐ అయితే సులువే, కానీ దాత చిరునామా మీ దగ్గర ఉండదు. పేరు, చిరునామా నమోదు కాని విరాళాలు చట్టం దృష్టిలో అనామక విరాళాలు. మొత్తం విరాళాల్లో 5 శాతం, లక్ష రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది దాటినదానిపై 30 శాతం పన్ను పడుతుంది. అందుకే కార్డు మీది క్యూఆర్ పేజీనే తెరవాలి.

అమెరికా, గల్ఫ్, బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు

ఇక్కడ తొందరపడితే ట్రస్టు చిక్కుల్లో పడుతుంది. దాత ఎక్కడ ఉన్నాడన్నదానికంటే ఏ దేశ పౌరుడన్నది ముఖ్యం. భారత పాస్‌పోర్టుతో డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కింద రాదు. అదే అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) ఊరికి వచ్చి, ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లోనే ఇచ్చినా అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. రిజిస్ట్రేషన్‌కు సాధారణంగా మూడేళ్లు పని చేసి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ఖాతాలోకి రప్పించి మా ఖాతాకు మార్పించుకుంటాం అనే పద్ధతి 2020 సవరణతో మూసుకుపోయింది.

కాబట్టి ఎఫ్‌సీఆర్‌ఏ లేని ట్రస్టు పేజీలో "నేను భారత పౌరుణ్ని" అని టిక్ పెట్టే గడి, పాస్‌పోర్టు నంబరు గడి ఉంచాలి, విదేశీ కార్డులను ఆపేయాలి. అమెరికా, యూఏఈ, సౌదీ, ఖతర్, ఒమన్, బ్రిటన్, సింగపూర్ వంటి దేశాల నంబర్లతో కూడా ప్రవాస భారతీయుల ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ బ్యాంకు ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలుంది కాబట్టి భారత పౌరులకు ఇబ్బంది ఉండదు. పౌరసత్వం మారినవాళ్లను డబ్బు అడగకుండా సమయం అడగండి. జూమ్‌లో ఇంగ్లిష్ క్లాసు చెప్పమనండి, తమ బ్యాచ్‌లో భారత పౌరులుగా ఉన్నవాళ్లకు లింకు పంపమనండి.

ఎఫ్‌సీఆర్‌ఏ ఉంటే లెక్క మారుతుంది. అమెరికా కంపెనీల్లో చాలావాటిలో ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ కూడా కొంత కలిపే పద్ధతి ఉంది. మీ సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో దాతనే చూడమనండి. అక్కడివాళ్లను అడిగే కాలం థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి మంగళవారం వచ్చే గివింగ్ ట్యూస్‌డే (విరాళాల రోజు) నుంచి డిసెంబర్ 31 దాకా. ఇక్కడివాళ్లకైతే అక్టోబర్ 2 నుంచి 8 వరకు జరిగే దాన్ ఉత్సవ్, ఆ తర్వాత మార్చి నెలాఖరు.

మీరెక్కడ ఉన్నారో బట్టి

జాబితా 100 లోపు ఉంటే వాట్సాప్‌లో విడివిడి మెసేజ్‌లు, తేదీల రిజిస్టర్. ఆరు నెలలు ఇంకేమీ వద్దు. 100 నుంచి 1,000 మధ్య ఉంటే వాటికి ఆటోపే, సంక్రాంతి కార్డులు, మూడు నెలలకో ఈమెయిల్ కలపండి. 1,000 దాటి, వారానికోసారి కూర్చుని ఖాతా చూసే మనిషి ఉంటేనే గూగుల్ గ్రాంట్, చిన్న యాడ్స్. జాబితాలో ఎక్కువమంది విదేశాల్లో ఉంటే ప్రచారం సంగతి పక్కనపెట్టి ముందు ఎఫ్‌సీఆర్‌ఏ గురించి ఆడిటర్‌తో కూర్చోండి.

ఏ దారి పనిచేసిందో తెలుసుకోవడానికి దారికో లింకు పెట్టుకోవచ్చు. అంతకంటే సులువు, పేజీలో "మా గురించి ఎవరు చెప్పారు?" అనే గడి. మూడు నెలల తర్వాత ఆ గడిలో ఒకే మాస్టారి పేరు ఇరవైసార్లు కనిపిస్తే, మీ తదుపరి ప్రచారం ఆయన చేతిలో పెట్టాలన్నమాట.

ఇచ్చిన రోజే రసీదు వెళ్లాలి, వారంలోపు ఒకరు ఫోన్ చేయాలి. టెన్త్ ఫలితాలు వచ్చాక 38 మందిలో ఎంతమంది పాసయ్యారో, తప్పినవాళ్లకు సప్లిమెంటరీకి ఏం చేస్తున్నారో ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రాయండి. ఆ మెసేజ్‌లో మాత్రం లింకు పెట్టకండి.